గడియార స్తంభం పగిలింది ప్రకంపనకా, రేగడికా? గుంటూరు కేసు ఒకటి

నేపథ్యం

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు ప్రాంతంలో భూమి కంపించింది. తీవ్రత 5.3. విజయవాడలో ఐదో అంతస్తులోని మా వంటింట్లో గిన్నెల స్టాండు గలగలలాడి, ఏమిటా అని లేచేలోపు ఆగిపోయింది. మధ్యాహ్నానికి గుంటూరు నుంచి ఫోను. "ఇంజనీరు గారూ, మా గడియార స్తంభం పగిలిందండీ. పొద్దున భూకంపానికే. ఒకసారి వచ్చి చూడాలి."

పాత ఇటుక, రాతి కట్టడాల పటిష్ఠత చూసి మరమ్మతులు చెప్పడం నా వృత్తి. 2001 జనవరి 26 భుజ్ భూకంపం తర్వాత, చదువు ముగించిన కొత్తలో, ఒక సర్వే బృందం వెంట కచ్ వెళ్ళాను. భుజ్ రాజభవనం ప్రాగ్ మహల్ గోడల్లో పగుళ్ళు, రాజకుటుంబీకుల స్మారక ఛత్రీలు రాళ్ళ కుప్పలై పడి ఉండటం అప్పుడే చూశాను. కూలినదాని ముందు నిలబడి "ఎంత గట్టిగా ఊగింది" అనే కంటే ముందు "ఊగకముందు ఎలా ఉంది" అని అడగటం అక్కడ అబ్బిన అలవాటు. ఈ కేసులో ఆ ప్రశ్న అడిగి కూడా, జవాబు దొరికేదాకా ఆగలేదు. దానివల్ల రెండు నెలల కాలం, ట్రస్టు డబ్బు కొంత, ఒక పెద్దావిడకు నా మీద ఉండవలసిన నమ్మకం పోయాయి. అందుకే వివరంగా రాస్తున్నాను. వీధి, ట్రస్టు, మనుషులు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను.

కట్టడం సంగతి. 1930లలో ఒక దాత తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించిన పఠనాలయం, దాని ముందు 42 అడుగుల చదరపు గడియార స్తంభం. ఇటుక, గానుగ సున్నం. గడియారం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. స్తంభం పాదంలో, వీధి వైపు, ఒక నల్లరాతి పలక అమర్చి ఉంది. అది దాతది కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. మిగిలిన కుటుంబాల్లో కొన్ని మిర్చి గోడౌన్లలో తొడిమలు తీసే పనికి గుంటూరు వచ్చి ఈ వీధి వెనుక స్థిరపడ్డాయి. వాళ్ళు చందాలేసుకుని, ట్రస్టును అడిగి, తమ వాళ్ళ పేర్లు చెక్కించి పెట్టుకున్న పలక అది. మొత్తం 61 పేర్లు.

వచ్చిన సమస్య

స్తంభానికి ఒక పక్క ప్రాథమిక పాఠశాల. పిల్లలు గోడవారనే నడుస్తారు. ట్రస్టు సభ్యుల భయం అర్థవంతమైనదే. వాళ్ళ దగ్గర అప్పటికే ఒక కాంట్రాక్టరు ప్రతిపాదన ఉంది: కూల్చేసి అదే రూపంలో కాంక్రీటుతో కొత్తది కట్టడం. ఒక సభ్యుడు నేపాల్ రాజధాని కాఠ్మాండూలోని ఎత్తయిన బురుజు ధరహరాను ఉదాహరణగా చెప్పారు. "1934లో కూలితే మళ్ళీ ఇటుకతోనే కట్టారు. 2015లో మళ్ళీ కూలింది. ఇప్పుడు కాంక్రీటుతో కట్టారుగా, మనమూ అదే చేద్దాం."

ఆ వాదనను నేను తేలిగ్గా తీసుకోలేదు. 2015 ఏప్రిల్ 25న ధరహరా కూలినప్పుడు లోపలున్న జనం దాని కిందే పోయారు. కొత్తది 2021లో తెరిచారు. అయితే అక్కడ పాతది అప్పటికే నేలకూలింది, మిగిలింది మొండెమే. ఆ మొండేన్ని తీసేయకుండా అలాగే ఉంచి, పక్కన కొత్తది లేపారు. మనది ఇంకా నిలబడే ఉంది. నిలబడి ఉన్నదాన్ని కూల్చాలంటే అది ఎందుకు పగిలిందో ముందు తేలాలి. అదే నేల మీద అదే జబ్బు ఉంటే కాంక్రీటూ ఒరుగుతుంది.

పగులు నైరుతి మూల దగ్గర పునాది అంచున మొదలై, ఏటవాలుగా మెట్ల కిటికీ దాకా పాకింది. కింద గోరు మందం, పైకి పోయేకొద్దీ వెడల్పు. నన్ను ఆపిన విషయాలు మూడున్నాయి. ఒకటి, భూమి అటూ ఇటూ ఊపితే గోడ రెండు వైపులా చీలుతుంది, పగుళ్ళు సాధారణంగా గుణకారం గుర్తులా పడతాయి. ఇక్కడ ఉన్నది ఒక్క వాలే. రెండు, టార్చి వేసి చూస్తే పగులు లోపల సాలెగూళ్ళు, లోపలికి కారి ఎండిన వెల్ల ఉన్నాయి. అంటే చివరిసారి వెల్ల వేసేనాటికే గోడ నోరు తెరిచి ఉంది. మూడు, కంపన కేంద్రం 200 కిలోమీటర్ల పైన ఉంది. ఆ వీధిలోనే ఇంతకంటే పాత మిద్దెలు రెండున్నాయి, వాటికి గీత కూడా పడలేదు.

అలాగని భూకంపాన్ని లెక్కలోంచి తీసేయడానికీ లేదు. దేశాన్ని భూకంప ముప్పును బట్టి జోన్లుగా విడదీసే భారతీయ కట్టడాల ప్రమాణం ఐఎస్ 1893; దాని 2016 పటంలో విజయవాడ, గుంటూరు మూడో జోన్‌లో ఉన్నాయి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చాయి. మన వైపు భూకంపాలు రావనే మాట నేను ఎక్కడ విన్నా ఖండిస్తాను. కనుక నా ముందు ప్రశ్నలు రెండు. ఇది దేనివల్ల పగిలింది? రేపు నిజంగా గట్టిది వస్తే ఏమవుతుంది? వీటిని కలిపేస్తే మందు ఒకదానికి, రోగం ఇంకొకదానికి అవుతుంది.

మొదట చేసినవి, తప్పినవి

ఇంత తెలిసీ తొందరపడ్డాను. సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరుస్తారు, ఆలోపు ఏదో ఒకటి కనిపించేలా చేయాలన్న ఒత్తిడి ట్రస్టు మీద ఉంది, వాళ్ళ మీది నుంచి నా మీదికి వచ్చింది. పగుల్లోకి సిమెంటు గ్రౌటు, అంటే పల్చగా కలిపిన సిమెంటు, ఎక్కించడానికి ఒప్పుకున్నాను. నా తర్కం ఇదీ: కారణం ఏదైనా, రెండు ముక్కలు ఒకటిగా పట్టి ఉంటే తాత్కాలికంగా ప్రమాదం తగ్గుతుంది. సున్నం పనివాళ్ళు దొరకడానికి నెల పడుతుంది, సిమెంటు రేపే దొరుకుతుంది.

ఆరు వారాలు తిరగకముందే పాత పగులుకు జానెడు దూరంలో కొత్త నెర్రె వచ్చింది. సిమెంటు గట్టిది, పక్కనున్న సున్నపు గోడ మెత్తనిది. కదలిక ఆగనప్పుడు గట్టిదాన్ని వదిలి మెత్తనిదే చీలుతుంది. అంతేకాక గ్రౌటు చుట్టూ గోడ మీద తెల్లటి ఉప్పు పూసింది. సిమెంటులోని లవణాలు తేమతో బయటికి వచ్చి, ఇటుక పైపొరను పొడి చేయడం మొదలుపెట్టాయి. పాత సున్నపు గోడకు సిమెంటు పెట్టకూడదని నేనే పదిమందికి చెప్పినవాణ్ణి. తాత్కాలికం అన్న మాట వాడితే నియమం సడలించవచ్చనుకున్నాను. గోడకు ఆ తేడా లేదు.

రెండో తప్పు ఇంకా లోతైనది. పిట్టగోడ మీది గచ్చు గుండ్లు, కార్నీసు ముక్కలు రాలితే సరిగ్గా పలక మీదే పడతాయి. అందుకని డిసెంబరు రెండో వారంలోనే పలకను జాగ్రత్తగా ఊడదీయించి, గోనెలు చుట్టి, ట్రస్టు సామాన్ల గదిలో పెట్టించాను. రాతికి గీత పడలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను.

సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకోవడానికి ఆ కుటుంబాల వాళ్ళు వచ్చారు. రాయి లేదు. గోడకు నాలుగు మూలలా బొక్కలు మాత్రం ఉన్నాయి. మర్నాడు నేను సైటుకు వెళితే ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి, మడత విప్పని చీర చేతిలో పట్టుకునే నిలబడి ఉంది.

"రాయి ఎటు పోయింది నాయనా?"

లోపల భద్రంగా ఉందమ్మా, ఇక్కడుంటే పైనుంచి ఏదైనా పడి పగులుతుందని తీయించాను అని చెప్పాను.

"మా అమ్మ శవం దొరకలా. అస్తికలు లేవు, సమాధి లేదు. నలభై ఏళ్ళ పైబడి పండక్కి చీర ఆ పేరు ముందే పెడతన్నా. గదిలో గోనెల కింద పెడితే అది అమ్మెట్లా అవుద్ది?"

అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారకం ఉందిగా అని ట్రస్టు సభ్యుడొకరు నెమ్మదిగా అన్నారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది. అక్కడ నాకు చెప్పడానికి ఏమీ లేదు. పలక పైన ఏం పడుతుందో లెక్క వేశాను గానీ, పలక ముందుకు ఎవరు వస్తారో ఎవరినీ అడగలేదు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చినవి కచ్‌లోని అంజార్, క్రైస్ట్‌చర్చ్. అంజార్‌లో 2001 భూకంపం రోజు గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తూ 185 మంది బడి పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు పోయారు. వాళ్ళ స్మారకం వీర్ బాల్ స్మారక్, భుజ్ దగ్గర భుజియా కొండ మీది భూకంప స్మారకం స్మృతివన్, రెండూ 2022 ఆగస్టు 28న ప్రారంభమయ్యాయి. మధ్యలో 21 ఏళ్ళు. న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22 భూకంపానికి 185 మంది పోతే, నది ఒడ్డున పేర్ల గోడ 2017 ఫిబ్రవరి 22న తెరిచారు. కానీ అక్కడ ఆలోపే ఒక కళాకారుడు ఖాళీ స్థలంలో తెల్ల రంగు వేసిన 185 ఖాళీ కుర్చీలు పెట్టాడు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు, చక్రాల కుర్చీ, పసిపిల్లల సీటు. పెద్ద స్మారకం వచ్చేదాకా జనం వాటి ముందు నిలబడ్డారు. మా వృత్తిలో పని మొదలు, పని ముగింపు రెంటికీ డ్రాయింగులు గీస్తాం. ఆ నడుమ కాలంలో దుఃఖం ఎక్కడికి వెళ్ళి నిలబడాలో ఏ డ్రాయింగులోనూ ఉండదు.

నాలుగు రోజుల్లో పలకను దాని చోటే పెట్టించాను. ముందుగా పరంజా ఎక్కించి, పిట్టగోడ మీద వదులైన గుండ్లు, కార్నీసు ముక్కలు ఒక్కొక్కటిగా దింపించాను. పలక ముందు మనుషులు నిలబడే మేర ఇనుప పైపులతో, రెండు పొరల మందపాటి చెక్కతో చూరు వేయించాను. మొదట రాతిని స్తంభం నుంచి కాపాడాలనుకున్నాను. నిజానికి కాపాడాల్సింది రాతి ముందుకు వచ్చేవాళ్ళను. ఈ క్రమం మారడంతో పనుల వరసే మారింది. క్రైస్ట్‌చర్చ్‌లో ఇటుక కట్టడాల పిట్టగోడలు, ముఖభాగాలు వీధిలోకి కూలడం వల్లే ఎందరో పోయారు. పైనున్న వదులు బరువు దించడం అన్నిటికంటే ముందు పని. అది మొదటి వారంలోనే చేసి ఉండాల్సింది.

కారణం కోసం

ఫిబ్రవరి చివర్లో పాత పద్ధతికి తిరిగొచ్చాను. పగుళ్ళకు అడ్డంగా ఎనిమిది చోట్ల గోడ కదిలితే చిట్లే పల్చటి గాజు పలకలు అతికించి, పక్కన తేదీ రాసి, వారానికోసారి కొలవడం. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఓపికే కావాలి. ట్రస్టు వాళ్ళకు ఇది నచ్చలేదు. పగిలిన గోడకు గాజు అతికించి కూర్చోవడం పని చేస్తున్నట్టు కనిపించదు. బడి పిల్లలకు మరో దారి ఏర్పాటు చేసి, గోడవార కంచె వేయించాక ఒప్పుకున్నారు.

మార్చి నుంచి మే దాకా పగులు నెమ్మదిగా తెరుచుకుంది. నైరుతి మూలలో దాదాపు 2 మిల్లీమీటర్లు. గాజు పలకలు ఐదు చిట్లాయి. జూలైలో వానలు పడ్డాక అదే పగులు మూసుకోవడం మొదలైంది. ఆ ఆరు నెలల్లో అక్కడ భూమి కంపించలేదు. ఎండకు తెరుచుకుని వానకు మూసుకుంటున్నది గోడ కాదు, కింది నేల. గుంటూరు నల్లరేగడి గురించి రైతుకు చెప్పనక్కర్లేదు. ఎండకు కాలు దూరేంత నెర్రె, వానకు ఉబ్బి బురద. మూడున్నర అడుగుల పునాది ఆ ఊపిరికి తగ్గట్టే లేచి పడుతోంది.

గుంత తవ్వి చూశాం. ఈశాన్యంలో పాత మురుగు పైపు పగిలి నేల ఏడాది పొడుగునా తడిగా ఉంది. నైరుతిలో పెద్ద వేపచెట్టు వేసవిలో నేలను పీల్చేస్తోంది. ఒక మూల ఉబ్బితే ఒక మూల కుంగుతోంది. పునాది కట్టు మాత్రం చెక్కుచెదరలేదు. తొంభై ఏళ్ళ సున్నపు కాంక్రీటు గునపానికి లొంగలేదు.

ఈ గుంత తవ్వడానికి నన్ను ఒప్పించింది కాఠ్మాండూలోని పాత చెక్క మండపం, కాష్ఠమండపం. 2015లో అది కూలినప్పుడు లోపల రక్తదాన శిబిరం జరుగుతోంది, మనుషులు పోయారు. తర్వాత పురావస్తు శాఖ వాళ్ళు తవ్వితే పునాది శతాబ్దాల నాటిదైనా దృఢంగానే ఉందని తేలింది. లోపం పైన ఉంది. మండపాన్ని మోసే నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకదాని కింద పీటరాయి లేదు. పాతవాళ్ళు కట్టింది నిలిచింది, తర్వాతి చేతులు చేసింది లోపించింది. అది చదివినప్పటి నుంచి ఏ పాత కట్టడానికి వెళ్ళినా, తర్వాత ఎవరు ఏం చేర్చారు, ఏం తీశారు అని వెతుకుతాను.

మాకూ దొరికింది. 1980లలో గడియారం గది పైన కాంక్రీటు స్లాబు వేసి, దాని మీద పఠనాలయానికి 2,000 లీటర్ల నీళ్ళ ట్యాంకు పెట్టారు. స్లాబు మూడున్నర టన్నులు, నిండు ట్యాంకు రెండు టన్నులు. భూకంప బలం లెక్కకు ఐఎస్ 1893 ఇచ్చే మూడో జోన్ గుణకం 0.16. ఇనుము లేని ఇటుక కట్టడానికి, ముఖ్యమైన కట్టడంగా లెక్క వేస్తే, బరువులో దాదాపు ఐదో వంతు పక్కకు తోసే బలంగా తట్టుకోవాలి. అంటే ముప్పై అయిదు అడుగుల ఎత్తున టన్నుకు పైగా తోపు, 1930లలో కట్టినవాళ్ళు ఊహించనిది. డిసెంబరు పగులుకు ఇది కారణం కాదు. కానీ నా రెండో ప్రశ్నకు జవాబు ఇదే. గట్టి కుదుపు వస్తే ముందు పోయేది ఆ తల.

ఫలించినవి

పని సెప్టెంబరులో మొదలైంది. దశలుగా విడదీశాం. ఏ దశలో డబ్బు ఆగినా, అప్పటిదాకా చేసింది కట్టడాన్ని మునుపటి కంటే భద్రంగా ఉంచాలన్నది షరతు. క్రైస్ట్‌చర్చ్ కేథడ్రల్ పునరుద్ధరణ నిధులు చాలక 2024లో ఆగిపోయింది. అంత సంపన్న దేశంలో, అంత ప్రసిద్ధ కట్టడానికే అలా అయితే వీధి ట్రస్టుకు కాదని చెప్పలేం.

ముందు ట్యాంకు దించాం. స్లాబును బ్రేకరుతో కొట్టనివ్వలేదు, ఆ అదురే ఒక భూకంపం. రంపంతో ముక్కలుగా కోయించి తాళ్ళతో దింపాం. దాని బదులు టేకు దూలాలు, పైన అడ్డంగా నిలువుగా రెండు వరసల చెక్క, నాలుగు గోడలకు ఇనుప బద్దీలతో పట్టు. బరువు తగ్గింది, నాలుగు గోడలూ కలిసి ఊగేలా మధ్యలో ఆ చెక్క కప్పు ఒకే గట్టి పలకలా బిగుసుకుంది.

నేలకు: మురుగు పైపు మార్చి దూరంగా మళ్ళించాం. చుట్టూ ఐదడుగుల వెడల్పున రేగడి తీసేసి గ్రావెలు నింపి చప్టా చేశాం, గోడవార తేమ ఏడాదంతా ఒకేలా ఉండాలని. వేపచెట్టు కొట్టేయాలని అందరూ అన్నారు. నేను వద్దన్నాను. పెద్ద చెట్టు ఉన్నపళంగా పోతే అది పీల్చే నీరంతా రేగడిలో మిగిలి, ఆ మూల ఉబ్బుతుంది. కొమ్మలు తగ్గించి, చెట్టుకూ పునాదికీ మధ్య కందకం తీసి వేళ్ళకు అడ్డుగోడ కట్టాం.

గోడకు: పాత సిమెంటు గ్రౌటును ఉలితో తవ్వి తీయడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. సుత్తితో తడితే గోడ కొన్నిచోట్ల బోలుగా మోగింది. రెండు ఇటుక ముఖాల మధ్య పెళ్ళలు, సున్నం పోసి నింపిన గోడ అది, లోపలి సున్నం కొంత జారిపోయింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో అంతమంది పోవడానికి ఇలాంటి గోడలే కారణం. రాతి గోడ రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడుగు రాళ్ళు లేక అవి విడిపోయి మనుషుల మీద పడ్డాయి. అందుకని సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపిన సున్నపు ద్రవాన్ని కిందినుంచి పైకి, ఒత్తిడి లేకుండా, గరాటుతో పోశాం. మూడు ఎత్తుల్లో తుప్పు పట్టని ఉక్కు కడ్డీలు ఈ ముఖం నుంచి ఆ ముఖానికి దూర్చి బిగించాం.

సున్నం పని చేసిన మేస్త్రీ తెనాలి వైపు నుంచి వచ్చారు, డెబ్భైకి దగ్గర. పూతలోకి కరక్కాయ నీళ్ళు, బెల్లం ఎంతెంత అన్నది ఆయన చేత్తో చూసి చెప్పారు, నేను రాసుకున్నాను. రోజుకు మూడడుగుల ఎత్తు మించి పోయనివ్వలేదు. "సున్నానికి తొందర పనికిరాదండీ. అది గట్టిపడాలనుకున్నప్పుడే గట్టిపడుద్ది" అన్నారు. డిసెంబరులో నేను సిమెంటు ఎక్కించిన సంగతి ఆయనకు తెలుసు. దాని గురించి ఒక్క మాట అనలేదు.

నవంబరు 19కి పరంజా ఇంకా ఉంది. ఆ రోజు పని ఆపాం. ఆ కుటుంబాల వాళ్ళు చూరు కిందే నిలబడి పూలు పెట్టారు. పెద్దావిడ రాతి అంచు వెంట చేత్తో తడిమి, కిందినుంచి నాలుగో వరసలో ఆపింది. నాతో మాట్లాడలేదు. చూరు తీసేస్తారా అని మేస్త్రీని అడిగింది. ఎండకీ వానకీ బాగుందంది. తాత్కాలికంగా వేసిన ఆ చూరును అదే కొలతల్లో టేకుతో శాశ్వతం చేయాలని ట్రస్టు తీర్మానించింది. మూలచిత్రాల్లో లేనిదాన్ని చేర్చకూడదన్నది మా నియమం. ఇక్కడ నేను అభ్యంతరం చెప్పలేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ప్రకంపన తర్వాత పిలుపు వస్తే మొదటి రోజే చేసే పని వదులుగా వేలాడేవి దించడం, కింద మనుషుల దారి మళ్ళించడం. అది అయ్యాక తొందరపడను. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం కొలతలు లేకుండా మన రేగడి నేలల్లో పగులుకు కారణం రాయను. ట్రస్టులు ఆరు నెలలు ఆగవని తోటి ఇంజనీర్లు అంటారు. ఆగవు, నిజమే. కానీ ఆగకపోతే అయిన ఖర్చు లెక్క ఇప్పుడు నా దగ్గర ఉంది, అది చూపిస్తున్నాను.

స్మారకం అయితే ప్రశ్నల పత్రంలో ఇంకో వరస చేర్చాను. ఎవరు వస్తారు, ఏ రోజుల్లో, ఏం తెస్తారు, ఎక్కడ నిలబడతారు. ఈ జవాబులు కమిటీ దగ్గర దొరకవు. పూలమ్మే ఆవిడ, వాచ్‌మన్, బడి ఆయా చెబుతారు. ఏ పలకా వాళ్ళకు చెప్పకుండా కదలదు. తప్పనిసరైతే పని జరిగినన్నాళ్ళు అది ఎక్కడ ఉంటుందో, అక్కడికి వాళ్ళు ఎలా వస్తారో ముందు తేల్చాకే ఊడదీయిస్తాను.

గాజు పలకలు కొత్తవి ఎనిమిది అతికించి, రిజిస్టరు వాచ్‌మన్‌కు అప్పగించాను. నెలకోసారి ఆయన ఫొటో తీసి పంపుతారు. ఏడు బాగున్నాయి. వేపచెట్టు వైపు మూడోది సన్నగా చిట్లింది. కందకం ఇంకో రెండడుగులు లోతుకు తీయాలేమో చూడటానికి వచ్చే వారం వెళుతున్నాను.